మా తమ్ముడి కుండీల వరుస

పోయిన నెల రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ నాకు పరీక్ష పెట్టింది. డెబ్భై ఏళ్ళు దాటాక ఇంకేం పరీక్షలండీ అని నవ్వుతూనే కూర్చున్నాను గానీ, మల్లెపువ్వు, రైలు, ఎరుపు, గుడి, చెంబు అని ఐదు మాటలు చెప్పి, కాసేపు ఏవో కబుర్లలో పెట్టి, గడియారం బొమ్మ గీయించి, ఇప్పుడా ఐదూ చెప్పండి మామ్మగారూ అనేసరికి నాకు రైలూ గుడీ తప్ప మరేమీ తోచలేదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసినదాన్ని. ఊళ్ళో సగం మంది నంబర్లు నా నాలుక చివర ఉండేవి. ఆ బుర్ర ఇదేనా అని తల దించుకుని కూర్చుంటే, పక్క కుర్చీలో గోడకేసి తిరిగి కూర్చున్న మా తమ్ముడు, ఎవరూ అడక్కుండానే, "మల్లెపువ్వు, రైలు, ఎరుపు, గుడి, చెంబు" అని అప్పజెప్పేశాడు. డాక్టరమ్మ పకపకా నవ్వింది. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది.

ఆవిడ నన్ను వదిలేసి వాణ్ణి చూడటం మొదలుపెట్టింది. వాడు చిన్నప్పుడు ఎలా ఉండేవాడు, మాటలు ఎప్పుడొచ్చాయి, చప్పుడు పడేదా అని ఒక్కొక్కటే అడిగి, చివరికి, "ఆటిజం అంటారండీ దీన్ని. జబ్బు కాదు, ఆయన పుట్టడమే అలా పుట్టారు" అంది. అరవై మూడేళ్ళకి దొరికింది మావాడికి ఆ మాట! ఇక నా సంగతికొస్తే, మతిమరుపు మొదలయిందనీ, కంగారు పడొద్దనీ, మెదడుకి వయసొచ్చినా కొత్త దారులు వేసుకుంటూనే ఉంటుందనీ, మీదైనా సరే మీ తమ్ముడుగారిదైనా సరే అనీ చెప్పింది. నాది సరే, వీడిది కూడానా తల్లీ అని లోపల్లోపల అనుకున్నాను. మావాడు మారడమా, ఈ జన్మకి అయ్యే పని కాదు.

నాకు భయం వేరే ఉంది. మావారు పోయాక, అమ్మ కూడా వెళ్ళిపోయాక, నేనొచ్చి వాడి దగ్గర ఉంటున్నాను, కడియం పక్కన మా నాన్న వేసిన మొక్కల తోటలో. కాకినాడలో ఉన్న మా అమ్మాయి, ఆ ముందు వారమే నేను పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటావిడతో కబుర్లలో పడి గిన్నె మాడబెట్టిన సంగతి విని, "ఇంకొక్కసారి ఇలా అయిందంటే మాత్రం ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చేసుకుంటానమ్మా, నువ్విక ఏం చెప్పినా వినను" అని ఫోన్ స్పీకర్లోనే తేల్చేసింది. పిల్ల తప్పేం లేదు, ప్రేమతోనే అంది. కానీ వాడు పుట్టి బుద్ధెరిగాక ఆ తోట దాటి ఒక్క రాత్రి పడుకున్నవాడు కాదు. నా మతిమరుపు వాడి కొంప ముంచుతుందేమోనని నా బెంగంతా.

వాడు నాకంటే ఏడేళ్ళు చిన్న. ఆరేళ్ళు వచ్చినా నోట మాట లేదు. వస కొమ్ము అరగదీసి తేనెతో నాకించారు, తాయెత్తులు కట్టారు, మొక్కులు మొక్కారు, ఎవరో చెప్పారని నాటుమందులు కూడా పోశారు. అమ్మ మాత్రం, "వస అంతా నీకే పోసేశానే, నీ మాటల్లో సగం వాడికివ్వకూడదటే" అని నన్ను పట్టుకుని వేళాకోళం చేసేది, అంతలోనే కొంగుతో కళ్ళు తుడుచుకునేది. బడిలో వేస్తే రెండు నెలలు కూడా నిలవలేదు. గంట కొట్టగానే రెండు చెవులూ మూసుకుని బల్ల కింద దూరేవాడు. మేష్టారు దెబ్బలు వేశారు. నాన్న వేశాడు. పలక మీద అక్షరాలు దిద్దించబోయి, విసుగెత్తి, నేనూ వేశాను. మన తరంలో అంతేగా, మొండితనం అంటే దెబ్బతో పోతుందనే నమ్మకం. మీ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ఇలాంటివాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళనీ మనం ఇలాగే దారిలో పెట్టాలని చూసే ఉంటాం.

తొమ్మిదో ఏట ఒకటీ అరా మాటలు వచ్చాయి. అప్పట్నుంచీ వాడి లోకమంతా మా తోటలో మామిడి అంట్ల పందిరే. మా పని ఎలా ఉంటుందంటే, టెంక నుంచి మొలిచిన మొక్కని కుండీలో పెంచి, ఆ కుండీని తల్లిచెట్టు కొమ్మ పక్కకి ఎత్తి పెట్టి, రెండింటికీ కాస్త బెరడు చెక్కి అరటినారతో కలిపి కట్టేస్తాం. అతుక్కున్నాక తల్లికొమ్మ నుంచి కోసి వేరు చేస్తాం. అలా కోసిన పసిమొక్కని నెల పైన పందిరి నీడలో ఉంచి, తట్టుకుంటుందనుకున్నాకే ఎండలోకి మార్చాలి. తొందరపడ్డామా, రెండు రోజుల్లో వడిలిపోతుంది. కోసిన ప్రతి కుండీనీ పందిరి కిందకి మోసుకొచ్చి పెట్టడం వాడు తనంతట తాను పెట్టుకున్న పని. కుండీకీ కుండీకీ బెత్తెడు ఎడం, అన్నీ ఒకే గీత మీద ఉన్నట్టు. ఎవరైనా ఒకటి కదిపితే ఏడుపు, మళ్ళీ సర్దుకునేదాకా అన్నం ముట్టేవాడు కాదు. పిచ్చి వరుస అనేవాళ్ళం అందరం.

నేను రాజమండ్రి కాలేజీలో చదువుతూ వేసవి సెలవులకి వచ్చినప్పుడు జరిగిందీ ముచ్చట. రామచంద్రపురం నుంచి ఎవరో పెద్ద ఆసామి మొక్కలు చూడటానికి వస్తున్నారని నాన్న హడావిడి పడుతుంటే, చదువుకున్నదాన్ని కదా, నేను కొంగు బిగించి పందిరంతా పద్ధతిగా సర్దేశాను. పొట్టివి ఎడమ చివర, పొడుగువి కుడి చివర, చూడముచ్చటగా. తమ్ముడు స్నానం చేసి వచ్చి చూశాడు. అబ్బ, ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తల స్తంభానికేసి కొట్టుకున్నాడు, నా జడ పట్టుకుని లాగాడు. వచ్చిన పెద్దమనిషి ముందు పరువు పోయిందని నాన్న వాణ్ణి చెట్టుకొమ్మతో బాది, ఆ నాలుగు రోజులూ పందిరి వైపు రానివ్వలేదు. నేను పక్కనే నిలబడి, తగిన శాస్తి అయిందనుకున్నాను. ఏం దాచుకోను, అలాగే అనుకున్నాను.

ఆ మర్నాడు నాన్న ఎప్పట్లాగే పందిరిలో ఎడమ చివర నుంచి రెండు వరుసలు తీయించి ఎండలో పెట్టించాడు. మూడో రోజుకి వాటిలో చాలామటుకు తలలు వేలాడేశాయి. నీళ్ళు తక్కువయ్యాయేమో, చీడేమో అని నాన్న ఒక్కో మొక్కా పట్టుకుని చూస్తుంటే, అప్పుడు వెలిగింది ఆయనకి. ఇన్నేళ్ళూ ఎడమ చివర ఉన్నవి ఎప్పుడూ ముందుగా కోసిన మొక్కలే అయి ఉండేవి. వాటిని అలా పెడుతూ వచ్చింది వాడు. ఎవరూ నేర్పలేదు. ఏ మొక్క ఏ రోజు కోశారో ఆ వరుసే చెప్పేది, ఆ వరుస మీద ఆధారపడి మా తోటంతా నడిచేది, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. నేను అందంగా సర్దిన పందిట్లో నిన్న కోసిన పసిమొక్కలన్నీ పొట్టిగా ఉన్న పాపానికి ఎడమ చివరికొచ్చి కూర్చున్నాయి. నాన్న వెళ్ళి వాడి పక్కన చతికిలబడి, "ఒరేయ్ నాన్నా, మళ్ళీ నువ్వే సర్దురా, నీ ఇష్టం వచ్చినట్టు సర్దు" అన్నాడు. వాడు ఆయన మొహం చూడను కూడా లేదు, లేచి కుండీలు మొయ్యడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచీ వాడి మీద ఎవరూ చెయ్యెత్తలేదు. పందిరికి వాడే యజమాని.

ఇప్పుడు మళ్ళీ నా దగ్గరికొస్తాను. వాడి రోజు ఎలా ఉంటుందో యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఐదింటికి లేస్తాడు, తూర్పు వైపు మొదటి కుండీతో మొదలుపెట్టి తోటంతా నీళ్ళు పోస్తాడు, ఏడున్నరకి స్టీలు గ్లాసులో కాఫీ. అమ్మ పోయిన నాడు కూడా ముందు నీళ్ళు పోసే వచ్చాడు. నలుగురూ నాలుగు మాటలన్నారు, వాడికి పట్టలేదు. అలాంటివాడు, మేం డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికేమో, ఒకరోజు ఆరింటికి వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు పొయ్యలేదు, గొట్టం అలాగే చుట్టి పడుంది. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు ముట్టబోతే తల పక్కకి తిప్పుకున్నాడు. కాఫీ ముందే కావాలేమోనని కలిపిస్తే గ్లాసు పక్కకి నెట్టేసి, ఏడింటికి గానీ లేచి తోటలోకి వెళ్ళలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. "ఏంట్రా నీ గోల, పోయి నీళ్ళు పోసుకోరాదూ" అని కసిరాను కూడా. వాడు పొయ్యి కేసే చూస్తాడు.

నాలుగో రోజు పాలు కాగుతుండగా వీధిలో పక్కింటావిడ పిలిచింది. వెళ్ళాను. మాట మీద మాట, ఎంతసేపు అయిందో తెలియదు. పాలు గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చాను. పాలు దించి మూత పెట్టి ఉన్నాయి. పొయ్యి ఆర్పి ఉంది. వాడు వంగి సిలిండర్ మీద తిప్పేది మూసి, అది బిగుసుకుందో లేదో మరొకసారి వేలితో చూసి, "అయింది" అని నాతో కాదు, ఆ సిలిండర్‌తో అని, నీళ్ళ గొట్టం తీసుకుని తోటలోకి వెళ్ళిపోయాడు.

అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. భయంతో కాదండీ, సంతోషంతోనే. ఆ గిన్నె మాడిన వాసన వాడికీ తగిలిందన్నమాట, అమ్మాయి ఫోన్లో అన్న మాట వాడూ విన్నాడన్నమాట. ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అది, పొయ్యి ఆర్పింది మావయ్యేనా అని రెండుసార్లు అడిగి, "సరేలే అమ్మా, అక్కడే ఉండండి" అంది. ఇప్పుడు పొద్దున్నే మా ఇద్దరిదీ వంటింటి కాపలా. తోటలో నీళ్ళు ఏడింటికి.

కాలం మంచికే మారింది. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లల్ని రెండేళ్ళకే పోల్చుకుంటున్నారు, నేర్పేవాళ్ళున్నారు, తల్లులు తలెత్తుకుని చెప్పుకుంటున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. మా ఇంట్లో మాత్రం వాణ్ణి మార్చాలని అమ్మ మొక్కింది, నాన్న కొట్టాడు, నేను పలక పట్టుకుని సతాయించాను, ఒక్కరి కోసమూ వాడు మారలేదు. ఎవరూ అడగని ఈ వయసులో, నా కోసం, తన రోజులో రెండు గంటలు వెనక్కి జరుపుకున్నాడు. అది చూడ్డానికి అమ్మా నాన్నా లేరు.