గొట్టం మీద పసుపు దారం

మా మీటరు సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను స్టూలెక్కి మనవరాలి తొట్టెలకు, అదే ఉయ్యాలకు, బంతిపూల దండ కడుతున్నాను. ఆ రోజు పిల్లకు ఇరవై ఒకటో దినం, పేరు పెట్టే రోజు. లాలాపేట్‌లో మా రెండు గదుల ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. లాబరేటరీ వాచ్‌మన్ తార్నాక నుంచి సైకిల్ మీద వచ్చి, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"కాకా, జర బయటికి రా."

బయటికి వెళ్లాక, గొంతు తగ్గించి చెప్పాడు. "సారు నిద్రల్నే పోయిండట. పొద్దుగాల అమ్మగారు చాయ్ ఇద్దామని లేపితే లేవలే."

నా వెనకే వచ్చిన మా అక్క ఆ మాట వింది. "ఇంట్ల తొట్టెల పెట్టుకొని సావింటికి పోతవారా? రేపు పోరాదు?" అంది.

నా భార్య మనవరాలిని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. తలెత్తకుండానే, "ఆ సారు లేకుంటే ఈ పిల్ల యాడికెల్లి వస్తుండె? నువ్వు పో. వచ్చి తానం చేసినంక పిల్లను ముట్టు" అంది.

దండ సగం కట్టి వదిలేసి బయల్దేరాను. మా కొడుకు అప్పటికే చెప్పులు వేసుకున్నాడు.

నేను మాటలు ఎక్కువున్న మనిషిని. సంతోషం వచ్చినా ఆగను, ఏడుపు వచ్చినా ఆగను. మనవరాలు పుట్టిందని ఆ ఇరవై రోజులూ కనబడ్డవాడికల్లా మిఠాయి పెట్టాను. మీటరు సారుకైతే రెండుసార్లు పెట్టాను. అట్లాంటివాణ్ణి, లాలాపేట్ నుంచి తార్నాక దాకా కొడుకుతో ఒక్క మాట మాట్లాడకుండా నడిచాను. ఎందుకంటే నా దగ్గర రెండేళ్లుగా దాచిన మాట ఒకటి ఉంది. అది తెలిసిన ఒకే ఒక్క మనిషి పోయారని అనుకున్నాను.

ముందు సారు ఎవరో చెప్పాలి. నేను యూనివర్సిటీలో అటెండర్ని, వచ్చే ఏడు రిటైరవుతాను. చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఇది రాస్తున్నది నేనే, ఒత్తులు మాత్రం మా కొడుకు దిద్దాడు. సారు మా లాబరేటరీలో పరికరాలు బాగుచేసే మెకానిక్కు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు, తార్నాకలో అద్దె ఇల్లు. నాకంటే నాలుగేళ్లు చిన్న. నేను ఆయన్ని 'సార్' అంటే, ఆయన నన్ను 'అన్నగారూ' అనేవారు. అటెండర్ని 'అన్నగారూ' అన్న మనిషిని ఆ ఆవరణలో నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయనకు 'మీటరు సారు' అన్న పేరు ఆక్సిజన్ మీటరు వల్ల వచ్చింది. లాబరేటరీ వెనక ఒక గొయ్యి ఉంది. నైట్రోజన్ గ్యాసు పైపుల వాల్వులన్నీ అందులోనే ఉంటాయి. రెండు నిలువుల లోతు, మీద ఇనుప మూత. ఏ వాల్వు కాస్త కారినా గ్యాసు ఆ గొయ్యంతా నిండుతుంది. అందుకని ఎవరు దిగాలన్నా ముందు మీటరు పెట్టి చూడాలి. తోలు పట్టీ ఉన్న పెట్టె, అద్దం వెనక ముల్లు, పొడుగాటి రబ్బరు గొట్టం, డాక్టర్లు బీపీ చూసేటప్పుడు పిసికే లాంటి రబ్బరు బంతి. గొట్టం కొసను గోతిలోకి వదిలి బంతి పిసికితే అక్కడి గాలి పెట్టెలోకి వస్తుంది. అందులో ఆక్సిజన్ నూటికి ఎంతుందో ముల్లు చెబుతుంది. మంచి గాలి అయితే ఇరవై ఒకటి. ఇరవై కిందికి జారితే ఎవ్వరూ దిగకూడదు.

"వాసన లేదు కదాని మంచి గాలి అనుకోకండి అన్నగారూ" అనేవారు సారు. "పొగైతే దగ్గొచ్చి పారిపోతాం. దీంట్లో దగ్గు కూడా రాదు. చల్లగా నిద్రొస్తుంది. అంతే."

ఆ పెట్టెను ఆయన చంటిపిల్లలా చూసుకునేవారు. లోపలి పనితనం సున్నితమని, కుదుపు తగలకుండా రెండు చేతులతో ఎత్తేవారు. గాలిలో తడి పీల్చే నీలం పలుకులు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్లీ నీలం చేసేవారు. గొట్టం కొసన దుమ్ము ఆపే దూది మార్చేవారు. నూనె చేతులతో ఎవరైనా ముట్టుకోబోతే, "సబ్బు అక్కడుందండీ" అనేవారు, అంతకు మించి ఒక్క మాట అనేవారు కాదు.

అన్నిటికంటే ఆయనకు ముఖ్యమైన అలవాటు ఇంకొకటి. ముందు పెట్టె ఆరుబయటికి తీసుకెళ్లి ముల్లు ఇరవై ఒకటి మీద నిలిచేలా సరిచేసేవారు. తరవాత గొట్టం కొసను బొటనవేలితో గట్టిగా మూసి బంతి పిసికి వదిలేవారు. బంతి అణిగిపోయి అట్లాగే ఉండాలి. ఇరవై లెక్కపెట్టేదాకా లేవకూడదు. లేచిందంటే గొట్టం ఎక్కడో చిల్లిపడ్డట్టు. చిల్లిపడితే మీటరు గోతిలో గాలిని వదిలేసి పైన మనం పీల్చే గాలిని లాక్కుని, అంతా బాగుందని చెబుతుంది.

"ముల్లును నమ్మేముందు గొట్టాన్ని అడగండి" అనేవారు. ఈ పరీక్షనే మేం 'గొట్టం నొక్కడం' అనేవాళ్లం. ఉదయం ఒకసారి చూశాం కదా అంటే వినేవారు కాదు. గోతి దగ్గర మళ్లీ చూడాల్సిందే. వెనక కుర్రకారు నవ్వేవాళ్లు. "సారుకు గొట్టంతోనే పెండ్లయింది" అని ఒకడంటే, సారు విని, "మా ఆవిడ అయితే ఇంత మాట వినదు నాయనా" అన్నారు.

మా కొడుకు ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేరాడు. చేరిన ఏడే, రెండేళ్ల కిందటి దసరాకు, నేను ఆ పని చేశాను.

దసరాకు మా పనివాళ్లందరం ఆయుధపూజ చేస్తాం. పానాలు, సుత్తెలు, త్రాసులు కడిగి వరసగా పెట్టి పసుపు కుంకుమ పెడతాం. సారు తన పనిముట్లన్నీ తానే తుడిచి ఇచ్చేవారు. "కానివ్వండి అన్నగారూ, ప్రసాదం నాకూ దాచండి. మీటరు మాత్రం అలమారలోనే ఉండనివ్వండి" అని చెప్పి ఊరెళ్లారు. నా మనసు ఒప్పలేదు. అన్నిటికీ బొట్టు పెట్టి, మా కొడుకు చేతిలో ఉండే వస్తువును ఒక్కదాన్ని చీకట్లో పెట్టడమా? పిల్లవాడి మొదటి దసరా! అలమార తీసి మీటరు బయటపెట్టాను. బొట్టు పెట్టి, దండ వేసి, అరటిపండుకు అగరువత్తులు గుచ్చి పక్కన పెట్టాను. అందరికీ ప్రసాదం పంచి వచ్చేసరికి రబ్బరు కాలిన వాసన. ఒక అగరువత్తి వంగి గొట్టానికి ఆనుకుంది. తీసి చూస్తే కందిగింజంత చిల్లి.

మీటరు రిజిస్టర్లో మా కొడుకు సంతకం ఉంది. వాడి ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఎవరూ చూడకముందే పసుపు దారం తెచ్చి ఆ చిల్లి మీద ఏడు చుట్లు చుట్టి ముడి వేశాను. పూజలో కట్టిన దారం ఎవరు విప్పుతారు? ఇంత చిన్న చిల్లితో ఏమవుతుంది? అట్లా నాకు నేను చెప్పుకున్నాను. గొట్టం పరీక్ష ఎందుకో రోజూ వింటూ కూడా, ఆ మాటను ఈ చిల్లితో కలపలేకపోయాను. నా తల అంతే.

సెలవులయ్యాక గోతిలో ఒక వాల్వు బిగించాల్సి వచ్చింది. నేను చాయ్ కెటిల్‌తో అక్కడే ఉన్నాను. మా కొడుకు గొట్టం వదిలి బంతి పిసికాడు. ముల్లు ఇరవై ఒకటికి ఒక వెంట్రుక ఇటు నిలబడింది.

"మంచిగనే ఉన్నది సార్, దిగుతున్న" అని నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"గొట్టం నొక్కారా?"

"పండుగ ముందు నొక్కిన సార్. పక్కాగున్నది."

"అప్పటి గాలితో ఇప్పుడు బతుకుతామా అండీ? పైకి రండి."

మా వాడు కాస్త విసుగ్గా కాలు వెనక్కి తీసుకున్నాడు. సారు గొట్టం పైకి లాగి కొస మూసి బంతి పిసికి వదిలారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుండగానే బంతి మెల్లగా ఉబ్బింది. ఆయన వేళ్లు గొట్టం పొడుగునా జరిగి దారం దగ్గర ఆగాయి. తలెత్తి నన్ను చూశారు. నేను కెటిల్ వైపు చూశాను.

సారు లోపలికెళ్లి కొత్త గొట్టం తెచ్చి బిగించి, ఆరుబయట ముల్లు సరిచూసి, కొస మూసి ఇరవై లెక్కపెట్టి, మళ్లీ గోతిలోకి వదిలారు. నాలుగోసారి పిసికేసరికి ముల్లు జారడం మొదలైంది. పంతొమ్మిది. పదహారు. పదమూడు దగ్గర ఆగింది.

మా కొడుకు నిచ్చెనను గోతిలోంచి పైకి లాగేశాడు. నా చేతిలో కెటిల్ ఎప్పుడు పడిందో నాకు తెలియదు. కాళ్ల మీద వేడి చాయ్ పడ్డ సంగతి ఇంటికి వెళ్లాక గాని తెలియలేదు.

ఆ రోజంతా మూత తీసే ఉంచి ఫ్యాను పెట్టారు. సాయంత్రం ముల్లు ఇరవై ఒకటికి వచ్చాక, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దర్ని నిలబెట్టి అప్పుడు మా వాణ్ణి దించారు. రిజిస్టర్లో సారు రాసింది రెండే మాటలు: 'గొట్టం చిల్లి. మార్చాను.'

మర్నాడు వరండాలో ఆయన పాదాలు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు.

"అన్నగారూ, కాలింది అని చెబితే గొట్టం మార్చేవాణ్ణి, అయిపోయేది. కాలడం తప్పు కాదు. దాచారు చూడండి, అదీ."

"మావాని నౌకరి పోతదని సార్..."

"నౌకరీ పోతే ఇంకోటి వెతుక్కుంటాడు."

ఆ తరవాత మాట ఆయన అనలేదు. నాకు వినబడింది.

నన్ను శిక్షిస్తారని చూశాను. ఆయన మాత్రం, "ఇకనుంచి ప్రతి సోమవారం గొట్టం నొక్కి చూసే పని మీది. రిజిస్టర్లో సంతకం పెట్టాలి" అన్నారు. గొట్టం కాల్చినవాడి చేతికే గొట్టం ఇచ్చారు! ఆ రిజిస్టర్లో ఇప్పుడు నా వంకర సంతకాలు పేజీల నిండా ఉన్నాయి. ఇంత గౌరవం నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు. మరుసటి దసరాకు సారు తానే మీటరు తెచ్చి నా ముందు పెట్టి, "పూలు పెట్టండి. అగరువత్తులు మాత్రం కిటికీ అవతల" అన్నారు.

ఈ ఏడాది తెలంగాణ గొడవల్లో క్యాంపస్ నెలల తరబడి మూతబడ్డప్పుడు కూడా ఆయన సోమవారం తప్పలేదు. కోస్తా మనిషి ఒంటరిగా రావద్దని మా కొడుకు తార్నాక దాకా ఎదురెళ్లి వెంటబెట్టుకొచ్చేవాడు. చంద్రుడి మీద మనిషి దిగాడని రేడియోలో చెప్పిన వారం, ఖాళీ వరండాలో ముగ్గురం చాయ్ తాగుతుంటే సారు అన్నారు, "వాళ్లూ గొట్టం నొక్కి చూసుకునే వెళ్లుంటారండీ." అంత నవ్వుతూ ఆయన్ని చూడటం అదే చివరిసారి.

తార్నాకలో ఆయన ఇంటికి వెళ్లేసరికి మంచం మీద తెల్లటి దుప్పటి కప్పి పడుకోబెట్టారు. అమ్మగారు నన్ను చూసి, "మీ మనవరాలికి గౌను కొన్నారు అన్నయ్యగారూ, సాయంత్రం వద్దామనుకున్నాం" అని ఆ పొట్లం మా కొడుకు చేతిలో పెట్టారు. నేను మంచం పక్కన కూర్చుని ఆయన రొమ్ము మీద చెయ్యి వేశాను. నిద్రపోతున్నట్టే ఉన్నారు. ఎందుకో నాకు తెలియకుండానే లోపల ఇరవై దాకా లెక్కపెట్టాను.

సాయంత్రం ఖననం అయ్యాక తిరిగి వస్తూ దారిలో మా కొడుకుతో చెప్పేశాను. ఆ దారం కట్టింది నేనేరా అని.

వాడు నడక ఆపలేదు. "నాకెరుకే నాయినా."

"సారు చెప్పిండా?"

"సారేం చెప్పలే. నీ ముడి నాకు తెల్వదా? నా చిన్నప్పటికెల్లి నా లాగు నాడాకు నువ్వే వేస్తివి గద ఆ ముడి."

"మరి రెండేండ్లు ఏమనకపోతివి?"

"నేనడిగితే, నువ్వే చెప్తవని సారన్నడు. అందాక ఆగమన్నడు." కొంచెం దూరం నడిచాక, "నువ్వు సోమారం నొక్కినంక నేను మళ్ల నొక్కుత, ఎరుకేనా? నేను నొక్కినంక సారు మళ్ల నొక్కుతుండె" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఇంటికి వచ్చి స్నానం చేసి, ఆ గౌను పక్కన పెట్టి, మనవరాలిని తొట్టెల్లో వేశాము. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అంత గాలి పీల్చుకుని అంత గట్టిగా ఏడుస్తుంటే నాకు కలిగిన ఆనందం ఎట్లా చెప్పను? ఆ ఆనందం ఆయన చేతి మీదుగా వచ్చిందని చెప్పడానికే ఇదంతా రాశాను. బతికుండగా చెప్పాల్సింది. రెండుసార్లు మిఠాయి పెట్టాను గాని ఈ మాట చెప్పలేదు.

సోమవారం వచ్చింది. లాబరేటరీలో ఆయన కుర్చీ గోడ వైపుకు జరిపి ఉంది. మీటరును రెండు చేతులతో ఎత్తి ఆరుబయటికి తెచ్చాను. ముల్లు ఇరవై ఒకటి మీద నిలిచింది. గొట్టం కొస మూసి, బంతి పిసికి వదిలాను. ఇరవై లెక్కపెట్టాను. ముప్పై లెక్కపెట్టాను. గొట్టం మంచిదే.

"అయింది నాయినా, ఇగ నాకియ్యి. నేను నొక్కాలె" అని మా కొడుకు చెయ్యి చాపాడు.

బంతి నా అరచేతిలో అణిగి, కదలకుండా ఉంది. నేను కొస మీద నుంచి వేలు తీయలేకపోయాను.