సీడెడ్ అంటే మా వైపే

రెండు వేలు దాటిన ఆ తొలి సంవత్సరాల్లో ఆక్లండ్‌లో తెలుగు సినిమా చూడటమంటే పెళ్ళికి వెళ్ళినంత హడావిడి. ఎవరో ఒకరు పూనుకుని పాపటోయిటోయి అనే పేటలో ఆదివారం పొద్దున హాలు అద్దెకు తీసుకునేవారు. ఇంటర్వెల్‌లో సమోసాలు ఉండేవి. వాటికంటే వేడిగా మగవాళ్ళ కబుర్లు ఉండేవి. వారమంతా కంప్యూటర్ల ముందు బుద్ధిగా కూర్చునే మేమంతా ఆ పావుగంట సేపు డిస్ట్రిబ్యూటర్లమైపోయేవాళ్ళం.

"నైజాంలో యావరేజంట గానీ, సీడెడ్‌లో కుమ్మేసిందంటండీ!"

ఆ సీడెడ్ మా వైపే. మాది ప్రొద్దుటూరు. అయితే ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మాది సీమ అన్నానంటే చాలు, "అమ్మో, జేబులో బాంబులున్నాయా?" అని మొదలుపెట్టేవారు. ఒకసారి నవ్వగలం, రెండోసారీ నవ్వగలం, ఎల్లకాలం నవ్వుతూ కూర్చోలేం కదా. అందుకని తెలుగువాళ్ళకు హైదరాబాద్ అనీ, ఈ దేశపు కివీలకు బెంగుళూరు దగ్గర అనీ చెప్పి గండం గడుపుకునేవాణ్ణి. యాసను కూడా ఇంటి గడప దాటనిచ్చేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం వచ్చిన సినిమాలో సుమోలు గాల్లోకి లేచాయి, వేటకొడవళ్ళు లేచాయి. కథ జరిగేది సీమలోనని ప్రతి పాత్రా గొంతు చించుకుని చెప్పింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. తిరిగొస్తుంటే కారులో అడిగింది, అది మీ ఊరా నాన్నా అని.

"అట్లేం ఉండదులే తల్లీ. అది సినిమా."

నమ్మినట్టు లేదు. నాలుగు రోజులు పోయాక వాళ్ళమ్మతో, నాన్న ఊరికి మాత్రం నేను రాను అని చెప్పిందట. నా భార్య ఆ మాట నాతో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. బయటివాళ్ళు నవ్వితే పోనీలే అనుకోవచ్చు, నా బిడ్డే నా ఊరంటే భయపడితే ఎవరితో చెప్పుకోవాలి?

న్యూ లిన్‌లో మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. పడుచువాడిగా ఉన్నప్పుడే ఇంగ్లండ్ నుంచి వచ్చేసిన మనిషి. కంచె మీదుగా నిమ్మకాయలు అందిస్తుండేవాడు. బర్మింగ్‌హామ్ ఆయన అని ఒకసారి నా భార్యకు పరిచయం చేస్తే వెంటనే దిద్దాడు, బర్మింగ్‌హామ్ కాదు, బ్లాక్ కంట్రీ అని. గుంటూరాయన్ని పట్టుకుని మీది బెజవాడే కదా అంటే వచ్చేంత ఉక్రోషం. బొగ్గు గనులు, ఇనుప కొలుముల పొగ వల్ల వాళ్ళ ప్రాంతానికి ఆ పేరు వచ్చిందట. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు ఒప్పుకోరట, బర్మింగ్‌హామ్ అందులో లేదన్నది తప్ప. మసి పూసిన ఆ పేరును ఆయన బంగారు పతకంలా ఎందుకు మోస్తున్నాడో నాకు అంతుబట్టేది కాదు.

ఒకరోజు మా అమ్మాయి ఆయన్ని అడిగింది, మీ ఊళ్ళో అంతా నల్లగా ఉంటే భయమేసేది కాదా అని.

"రైల్లో పోతూ చూసినవాళ్ళకు భయమేసేదేమో. మా నానమ్మ ఇంటి వెనకే కొలిమి పెట్టుకుని గొలుసులు చేసేది. నేను బడి నుంచి వచ్చేసరికి చేతులు కడుక్కుని అన్నం పెట్టేది. నాకు గుర్తున్నది అదే."

తర్వాత నా వైపు తిరిగి, మీ ప్రాంతాన్ని ఏమంటారు అన్నాడు. హైదరాబాద్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముందు అనబుద్ధి కాలేదు. ఇంగ్లీషులో సీడెడ్ అంటారని చెప్పాను. నిజాం ఆ జిల్లాలను తెల్లవాళ్ళకు అప్పగించాడనీ, అందుకే ఆ పేరనీ చెప్పాను.

"ఇచ్చేసేముందు అక్కడివాళ్ళను ఎవరైనా అడిగారా?"

"అడగలేదు. మా పెద్దవాళ్ళకు ఆ పేరు గిట్టక తర్వాత రాయలసీమ అని పెట్టుకున్నారు. సినిమావాళ్ళు మాత్రం ఇంకా పాతదే వాడుతున్నారు."

అది మర్యాద కాదు అంది మా అమ్మాయి, టీచరమ్మ లాగా.

మళ్ళీ సినిమా వచ్చింది. ఇంటర్వెల్‌లో, ఎప్పుడూ టికెట్లు చూసుకునే అంకుల్ సమోసా అందిస్తూ అందరు పిల్లల్నీ అడిగినట్టే మా అమ్మాయినీ అడిగారు.

"ఏమ్మా, మీదే ఊరు?"

"ప్రొద్దుటూరు," అంది. కివీ నాలుక మీద ఆ పేరు నానా తంటాలూ పడింది.

"ఓరి మీ దుంపతెగ! సీమవాళ్ళా? మీ నాన్న ఎప్పుడూ చెప్పనే లేదే! బాంబులు తెచ్చారా మరి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది నవ్వలేదు. మీరెప్పుడైనా అక్కడికి వెళ్ళారా అంకుల్ అని తన ఇంగ్లీషులో అడిగింది, నిజంగానే తెలుసుకోవాలని.

"లేదమ్మా. అటు మనకేం పనుంటది?"

"నేనూ వెళ్ళలేదు," అంటూ నా వైపు చూసింది.

నిజమే. సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాద్‌లో మా అన్నయ్య ఇల్లు, బెజవాడలో అత్తగారిల్లు, అంతటితో సరి. దాని మొహంలో నిష్ఠూరం లేదు, భయమూ లేదు. ఊరికే ఎదురుచూస్తోంది. లైట్లు ఆరిపోతున్నాయి, జనం సీట్లలోకి సర్దుకుంటున్నారు. చుట్టుపక్కలవాళ్ళందరికీ వినపడేంత గట్టిగా అన్నాను.

"ఈ డిసెంబర్లో పోదాం తల్లీ, మనూరికి."