తోటికోడలి రహస్య నంబరు

మా తోటికోడలు ఏడో తరగతితో చదువు ఆపేసింది. నేను ఇంటర్ పాసయ్యాను. చోడవరంలో మా అత్తవారింట ఉత్తరం వచ్చినా, కరెంటు బిల్లు వచ్చినా చదివి చెప్పేది నేనే. ఆ గొప్ప నాకుండేది. తొంభైల చివర్లో మరిదికి విశాఖపట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికి, వాళ్లు కాపురం అక్కడికి మార్చారు. ఒకసారి ఊరొచ్చినప్పుడు ఆమె పర్సులోంచి ఏటీఎం కార్డు తీసి చూపించింది.

"బ్యాంకు మూసేసినా డబ్బులొచ్చేస్తాయత్తా!"

అత్తగారు కార్డును అటూ ఇటూ తిప్పి, నాకేసి చూసి, "సూసేవేటే, సిన్నకోడలు ఎంత నేర్చేసుకుందో!" అంది.

ఒంటికి దూలగొండాకు రాసినట్టయింది. ఆ పూట ఆమెకు కూర మారు వడ్డించలేదు.

తరువాత కళ్ల డాక్టరుకి చూపించుకోవడానికి విశాఖ వెళ్లి వాళ్లింట్లోనే దిగాను. బజారుకి వెళుతూ ఆమె నన్ను ఆ ఏటీఎం మెషిను దగ్గరికి తీసుకెళ్లింది. చిన్న గాజు గది, లోపల చల్లగా ఉంది. కార్డు పెట్టి, మీటల మీద పైటకొంగు కప్పి నంబరు నొక్కింది. నాకు ఒళ్లు మండింది.

"ఏటే, నేను సూసి దొంగతనం సేసేస్తానా?"

"అలాగనుకోకక్కా. ఎవరికీ సూపించొద్దని బ్యాంకులో సెప్పేరు. మీ మరిదికీ సెప్పలేదు. జాకెట్లు కుట్టిన డబ్బులు ఇందులోనే ఏసుకుంటన్నాను, నా పేరు మీదే."

మొగుడికి కూడా చెప్పని నంబరు! మా ఇంట్లో చెరకు డబ్బూ, నేను పాలమ్మిన డబ్బూ మా ఆయన అకౌంటులోనే పడేవి. బ్యాంకు ఫారాలు నింపేది నేను, సంతకం ఆయనది. గాజులు కొనుక్కోవాలన్నా ఆయన జేబుకేసి చూడాల్సిందే. అప్పటిదాకా ఆమె కార్డు చూసి ఏడ్చాను. ఇక ఆ నంబరు తలచుకుని ఏడ్వడం మొదలెట్టాను.

చోడవరం వచ్చాక నా పేరున అకౌంటు కావాలని మా ఆయన్ని అడిగాను.

"నీకేటి లోటు సేసేను?" అన్నాడు నొచ్చుకుంటూ.

"లోటేటీ లేదు. పాలమ్మిన డబ్బులు ఏసుకుంటాను."

కొన్నాళ్లు ఆగి, చివరికి తనే బ్యాంకుకి తీసుకెళ్లాడు. మా ఊళ్లో అప్పటికి ఏటీఎం లేదు, పాసుపుస్తకం మాత్రం ఇచ్చారు. ఎస్టీడీ బూతుకి వెళ్లి తోటికోడలికి చెప్పాను.

"మంచి పని సేసేవక్కా! కార్డు రానీ, నేను నేర్పుతాను కదా," అంది సంబరంగా.

ఇంటర్ పాసైన నాకు ఆమె నేర్పడమా? "సర్లే," అని ఫోను పెట్టేశాను.