కంట్రోల్ రూములో ఎర్ర చక్కెరకేళి

నాకు అనుమానం మనిషినని పేరుంది. పాలబ్బాయి ఏ రోజైనా నవ్వుతూ వస్తే ఆ రోజు పాలల్లో వేలు ముంచి చూస్తాను. అంచేత మాకు సిగ్నల్ ఇచ్చే కేబుల్ కంపెనీ మేనేజరు మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందు కారు దిగి, "బావున్నారా అమ్మా" అనగానే నా ఒళ్ళంతా కళ్ళయ్యాయి. ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను బావున్నారా అని అడిగింది లేదు.

మా ఊళ్ళో కేబుల్ లైను మాది. స్తంభాలెక్కి తీగలు లాగేది మా ఆయన. కాగితాల మీద పేరు మాత్రం నాది, ఆడవాళ్ళ పేరుంటే కలిసొస్తుందని మా అత్తగారు పట్టుబట్టి పెట్టించారు. పేరుతోపాటు ఫోనూ నాదే. ఎవరింట్లో బొమ్మ ఆగిపోయినా, "ఏంటండీ బాబూ, సీరియల్ సరిగ్గా మంచి చోట పోయింది" అని ఊరంతా తిట్టేది నన్నే. తిట్టనీ, వాళ్ళు తిట్టినన్నాళ్ళూ మా పొయ్యి వెలిగింది.

ఆయన పనిచేసే రాజమండ్రి కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొంటోందని తెలిసింది. కొంటే సరిపోదట. లైసెన్సు కొత్తవాళ్ళ పేరున మారాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు ఒక ఆఫీసరు రాజమండ్రిలో కూర్చుని, మాలాంటి ఊరి ఆపరేటర్లను పిలిచి, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఆ కొత్త కంపెనీ అడుగుపెట్టిన చోటల్లా సొంత తీగ లాగి ఊరి ఆపరేటర్ని ఇంట్లో కూర్చోబెడుతోందని విన్నాం. కుర్రాళ్ళంతా ఫోన్లలో తలలు దూర్చేసి, టీవీ పెట్టే ఇళ్ళే తగ్గిపోయిన రోజులు. ఉన్న కాసిని కనెక్షన్లూ పోతే మాకు పొలం లేదు, రొయ్యల చెరువు లేదు. నాకు భయం పట్టుకుంది.

కాలవ వెంబడి ఊళ్ళ ఆపరేటర్లం నలుగురం మా అరుగు మీద కూర్చుని ఒక మాట అనుకున్నాం. విచారణలో నలుగురమూ ఒకేసారి లేవాలి. అందరూ అడ్డం చెబితే, ఊరి లైన్లు ఊరివాళ్ళకే ఉంచాలన్న షరతు పెట్టకుండా ఆఫీసరు ఒప్పుకోరని మాకు తెలిసినాయన చెప్పాడు. ఒక్కరే లేస్తే మాత్రం మర్నాడు సిగ్నల్ పోయేది ఆ ఒక్కరికే. పక్కూరి ఆపరేటర్ని మా ఆయన బావా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. ఆయన తొడ చరిచి, "ఆయ్, లేద్దామండీ! ఎవడు కూర్చుంటాడో నేనూ చూస్తాను" అని కాఫీ రెండోసారి పోయించుకున్నారు.

మేనేజరు వచ్చింది ఆ తర్వాతే. డ్రైవరు డిక్కీ తీసి ఎర్ర చక్కెరకేళి అరటి గెల ఒకటి మోసుకొచ్చాడు. రావులపాలెం మార్కెట్టులో ఏరి కొన్న సరుకు. మా ఊళ్ళో ఎవరి చేలోనూ ఆ రకం లేదు.

"మావారు ఇంట్లో లేరండి. ఇది తీసుకెళ్ళిపోండి" అన్నాను.

"భలేవారమ్మా! ఇంటికొచ్చిన పండు వద్దంటారా ఎవరైనా? మీ ఒక్కరికే తెచ్చాను" అంటూ గెలను వసారా కొక్కేనికి తగిలించేసి, నేను నోరు తెరిచేలోగా కారెక్కేశాడు.

మా ఆయన వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నారు. "కొంప ముంచాడే! ఇది ఎవరి కంటైనా పడితే మనం అమ్ముడుపోయామంటారు." పారేద్దామంటే కాలవ గట్టు మీద ఎర్రగా అందరికీ కనబడుతుంది. తిందామంటే మనసొప్పదు. చివరికి ఎవరూ రారు కదా అని కంట్రోల్ రూములో పెట్టి తలుపు వేశాం. ఊరికి సిగ్నల్ పంపే మిషన్లు రాత్రింబవళ్ళు తిరిగే గది, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆ వేడికి గెల ఇట్టే మగ్గిపోయింది. తలుపు వేసినా ఘుమఘుమ ఆగదే!

అన్నయ్యగారు ఓ పొద్దున్న కనెక్టరు కావాలని వచ్చారు. నేను పొయ్యి దగ్గరున్నాను. చనువున్న మనిషి, అడగకుండానే కంట్రోల్ రూము తలుపు తీసుకుని వెళ్ళారు. బయటికొచ్చేసరికి ముఖంలో నవ్వు లేదు.

"కాఫీ కలిపానండీ, తాగి వెళ్ళండి."

"వద్దు చెల్లెమ్మా, పనుంది."

మా వైపు ఎంత పనున్నా కాఫీ వద్దని ఎవరూ గుమ్మం దిగరు. దిగారంటే మనసులో ఏదో ఉన్నట్టే. గెల చూశారా, చూడలేదా? చూస్తే మొహం మీదే కడిగేసే మనిషే! అడగలేదంటే తనే ఏదో దాస్తున్నారు. నా బుర్ర ఇక ఊరుకుంటుందా? సాయంత్రం కరివేపాకు వంకతో వాళ్ళింటికి వెళ్ళాను.

వదినగారు గుమ్మంలోనే నిలబడి, "ఉండండి, నేను కోసుకొస్తాను" అన్నారు. ఏనాడూ లేనిది, వాళ్ళ పెరట్లోకి నన్ను రానివ్వకపోవడమేంటి? ఆవిడ అటు తిరగ్గానే మెడ సాచి చూశాను. వెనక వసారాలో గోనెసంచి కింద నుంచి ఎర్రటి అరటి హస్తం ఒకటి తొంగి చూస్తోంది. అమ్మ అన్నయ్యగారూ! ఒళ్ళు మండిపోయింది. కాఫీ ఇస్తానన్నా ఆగకుండా వచ్చేశాను.

మా ఆయనకి చెబితే, "మనకీ ఇచ్చాడుగా. మనం అమ్ముడుపోయామా?" అన్నారు.

"మనం ముట్టుకోలేదు. వాళ్ళు తిన్నారో లేదో ఎవరు చూశారు? మన ఒక్కరికే అన్నవాడు వాళ్ళింటికెందుకు వెళ్ళాడు?"

"పోనీ వెళ్ళి అడిగేస్తాను."

"అడిగితే మన గదిలో గెల సంగతి చెప్పొద్దూ? అప్పుడు ఎవరు నమ్ముతారు మనల్ని?"

ఆయన వేసుకున్న చెప్పులు విప్పేశారు. గెల నల్లబడి, పళ్ళు ఊడి రాలుతుంటే చేటలోకెత్తి, పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను.

విచారణ రోజున పేరు నాది కాబట్టి లోపలికి నేనే వెళ్ళాను. మా ఆయన కింద బండి దగ్గర ఉండిపోయారు. అన్నయ్యగారు నాకు కాస్త ఎడంగా కూర్చున్నారు. మిగతా ఇద్దరు ఆపరేటర్లూ వెనక వరసలో తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు. మేనేజరు మమ్మల్ని చూసి, ఒక్కొక్కరికీ విడివిడిగా నమస్కారం పెట్టాడు.

ఆఫీసరు గారు దరఖాస్తు చదివి, "ఈ లైసెన్సు బదిలీకి అభ్యంతరం ఉన్నవాళ్ళు లేవండి" అన్నారు.

నేను అన్నయ్యగారి మోకాళ్ళ వైపు చూశాను. కదలలేదు. ఆఫీసరు గారు మళ్ళీ అడిగారు, పాపం మంచాయనే, కళ్ళజోడు తీసి మరీ మా వైపు చూశారు. నేనూ కదలలేదు. వెనక వరసలోనూ ఎవరూ లేవలేదు. "సరే అయితే" అని ఆయన కలం తీశారు.

మెట్లు దిగుతుంటే అన్నయ్యగారు ఎటకారంగా అన్నారు. "పళ్ళు తియ్యగా ఉన్నాయా చెల్లెమ్మా?"

"మీకెలా ఉన్నాయో మాకూ అలాగేనండి" అన్నాను, అంతకంటే పుల్లవిరుపుగా.

ఆయన ఆగిపోయారు. "మేం ఒక్క పండు ముట్టలేదమ్మా. గోనెసంచి కిందే కుళ్ళిపోయింది."

"మేం పెరట్లో పూడ్చేశాం."

ఆయన నా ముఖంలోకి చూశారు. గొంతు తగ్గించి, "మీ ఒక్కరికే అన్నాడా?" అన్నారు.

నేను తలూపాను. వెనక దిగుతున్న ఇద్దరూ నిలబడిపోయారు. "మాతోనూ అదే అన్నాడండీ" అన్నాడు వాళ్ళలో ఒకాయన.

"మరి లేవలేదేం అన్నయ్యగారూ?" నాకు ఏడుపొచ్చేసింది.

"మీరు లేస్తారేమోనని మీ వైపే చూస్తూ కూర్చున్నానమ్మా."

నలుగురమూ పరుగున మళ్ళీ మెట్లెక్కాం. అటెండరు తలుపుకి గొళ్ళెం పెడుతున్నాడు. "ఎవరూ లేవలేదు కదండీ, సంతకం అయిపోయింది. అయ్యగారు భోజనానికి వెళ్ళారు" అన్నాడు.

కొత్త కంపెనీ తీగ మా స్తంభాల పక్కనుంచే వచ్చింది. కంట్రోల్ రూములో మిషన్లు ఆపేశాం. మా ఇంట్లో టీవీ కూడా ఇప్పుడు వాళ్ళ తీగ మీదే వస్తోంది. మొన్న సీరియల్ సరిగ్గా మంచి చోట ఆగిపోయింది. అలవాటుగా ఫోను వైపు చూశాను, ఊరంతా తిడతారని. చాలాసేపు చూశాను. ఎవరూ చెయ్యలేదు.