సబ్బునీళ్లలో మునిగిన ఫోన్

ఫోన్ల లోపలి బోర్డులు కడిగే స్పిరిట్ సీసా మూత తీయగానే ఘాటైన చల్లదనమొకటి ముక్కుకు తగులుతుంది. నిన్న జనగామలో జోరున వాన. నా దుకాణానికి తడిసిన ఫోన్లు వరసగా వచ్చాయి. ఒక్కోటి విప్పి స్పిరిట్‌తో తుడుస్తుంటే, పొద్దంతా రజియా అక్క పక్కనే కూర్చున్నట్టనిపించింది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. తలమీద దుపట్టా, దానిపైన భూతద్దం పట్టీ. నవ్విందంటే వీధి మలుపు దాకా వినిపించేది. భర్త పోయాక, మహబూబాబాద్‌లోని ఆయన ఫోన్ల మరమ్మతు దుకాణానికి తాళం వేయమని చుట్టాలంతా చెప్పారట. ఆమె పెయింటర్‌ను పిలిపించి, బోర్డు మీద ఆయన పేరు కింద తన పేరు కూడా రాయించింది.

మాది డోర్నకల్ దగ్గర ఒక తండా. డిగ్రీ చదివే రోజుల్లో మిరప తోటకు నీళ్లు పెడుతుంటే నా ఫోన్ కాలువలో పడింది. అందరూ చెప్పినట్టే బియ్యం డబ్బాలో పెట్టి, ఆగలేక ఛార్జింగ్ పెట్టాను. చిటపటమని ఆరిపోయింది. తీసుకెళ్లి రజియా అక్క ముందు పెడితే, ఛార్జర్ గుచ్చే రంధ్రంలోంచి సూదితో ఒక నూకగింజను బయటికి లాగింది.

"బువ్వ తింటదా నీ ఫోన్?" అని పకపకా నవ్వింది.

"అందరు గిట్లనే చేస్తరు గదా అక్కా."

"చేస్తరు. గందుకే నాకు దినాం పని. తడిసినంక ఛార్జర్ దగ్గరికి తేవద్దు. బందు చేసి, జల్ది విప్పి తుడవాలె. లోపల చిలుము పట్టినంక బియ్యమేం చేస్తది?"

ఆమె విప్పుతుంటే నేను వెలుతురుకు అడ్డం పడేంతగా వంగి చూశాను. కసురుకోలేదు. స్టూలు లాగి, "ఇటు దిక్కు కూసొని సూడు" అంది. ఆ ఫోన్ మళ్లీ వెలగలేదు. నేను మాత్రం మర్నాడూ వెళ్లాను, ఆ తర్వాతా వెళ్లాను. చివరికి అక్కడే పని నేర్చుకున్నాను. ఒకసారి గల్లాపెట్టె దగ్గర నిలబడ్డ పెద్దమనిషి, "ఇద్దరాడోళ్లు ఇప్పితే మళ్ల మూసుడొస్తదా?" అన్నాడు. అక్క తల ఎత్తకుండానే, "మూసుడు మంచిగ వస్తదన్నా. నీ నోటితోని మొదలు వెట్టాల్నా?" అంది. అంతటి మనిషీ నవ్వలేక, కోపం తెచ్చుకోలేక గోడ వైపు చూశాడు.

ఒక వానాకాలం సరోజ అనే ఆమె వచ్చింది. పుట్టిల్లు మొగుళ్లపల్లి, అత్తగారిల్లు మహబూబాబాద్‌లోనే. కొంగులో చుట్టి తెచ్చిన ఫోన్ బల్ల మీద పెట్టి, వానలో పడిందని చెప్పింది. విప్పితే లోపలంతా తెల్లటి పొర, బట్టల సబ్బు వాసన.

"వాన గిట్ల వాసనొస్తదా చెల్లె?" అని అక్క మెల్లగా అడిగింది.

సరోజ ఒకసారి వీధి వైపు చూసింది. తర్వాత, "బట్టలు నానవెట్టిన బకెట్ల మా ఆయనే ముంచిండు," అంది. "కొట్టినప్పుడల్లా దెబ్బలు ఫోటోలు తీసుకున్న అక్కా. గవన్నీ దాంట్లనే ఉన్నయ్. ఉట్టిగ చెప్తే మా నాయిన గూడ నమ్ముతలేడు."

అక్క మిగతా పనులన్నీ పక్కకు జరిపింది. బ్యాటరీ తీగ ఊడదీసి, మెత్తటి బ్రష్‌తో బోర్డు కడిగి ఆరబెడుతుండగానే సరోజ భర్త వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన గొంతు.

"మా ఇంటి ఫోన్ వచ్చిందట. ఖరాబైన దానికి తిప్పలెందుకు, ఇచ్చెయ్."

"ఫోన్ ఎవరిదో వాళ్లకే ఇస్త."

"నేను ఆమె మొగన్ని."

"అయితే? ఫోన్‌కైతే కాదు గదా."

అతను బల్ల మీదుగా చెయ్యి చాచాడు. అక్క బోర్డును గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడింది. "ముట్టుకో, సూద్దాం. బజారంత పిలుస్త. ఏ నీళ్లల పడ్డదో అందరి ముంగట నువ్వే చెప్పు." పక్కనున్న చాయ్ హోటల్ వాళ్లు అప్పటికే ఇటు తిరిగారు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈ మడిగ ఎన్నొద్దులుంటదో సూస్త" అని వెళ్లిపోయాడు.

వేరే బ్యాటరీ వేశాక తెర గీతలు గీతలుగా వెలిగింది. ఫోటోలు కనపడేలోపే అక్క దాన్ని సరోజ చేతికిచ్చి, తాను అటు తిరిగి కూర్చుంది. కబురందుకుని సరోజ తండ్రి వచ్చాడు. దుకాణం మెట్టు మీదే ఫోటోలు చూశాడు. "నువ్వు చెప్పిన్నాడే నమ్మాలె బిడ్డా" అని తల పట్టుకున్నాడు. అక్కణ్నుంచి తండ్రీ కూతురూ కలిసి పోలీసు స్టేషన్‌కు వెళ్లారు. సరోజ మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

సరోజ భర్త కూడా అన్నంత పనీ చేశాడు. మేం అద్దెకున్న మడిగ యజమాని మీద ఒత్తిడి తెచ్చి మమ్మల్ని ఖాళీ చేయించాడు. సామాను సంచుల్లో సర్దుతూ, "భయం కాలేదా అక్కా?" అని అడిగాను.

"ఎందుకు గాలే? మస్తయింది. భయమైతే పని ఇడిచిపెడ్తమా?" అంది.

రైల్వే స్టేషన్ దారిలో ఒక మెట్ల కింద బల్ల వేసుకుంది. పోయిన చలికాలం జబ్బు చేసి దవాఖానలో చేరేదాకా అక్కడే పని చేసింది. అక్కణ్నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఆమె నాకు పనే నేర్పిందనుకునేదాన్ని. మొన్న నా దుకాణానికి ఒకతను తడిసిన ఫోన్ తెచ్చి, "మా చెల్లెది. బాగైనంక ఎవరితోని మాట్లాడుతుందో నాకు తీసి సూపియ్యి" అన్నాడు. చెల్లెనే పంపించమన్నాను. నీ దుకాణానికి ఎవరూ రాకుండా చేస్తానన్నాడు. "చేసుకో అన్నా" అన్నాను. భయమేసింది, కానీ ఫోన్ ఇవ్వలేదు. ఇవాళ పొద్దున ఆ అమ్మాయే వచ్చింది. ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. అన్న రోడ్డవతల నిలబడి గుర్రుగా చూస్తున్నాడు. చూడనీ.