ఇడ్లీ తిన్న దీక్ష

జనగామ కాలేజీలో తత్త్వశాస్త్రం చదివినవాణ్ని నేనొక్కణ్నే. క్లాసులో ఫస్టు నేనే, లాస్టూ నేనే. పాఠం చెప్పే సారు అంతకుముందు మహబూబాబాద్‌లో పనిచేశారు. అక్కడ పిల్లలు లేక ఆ గ్రూపు మూసేశారు. నాది ఆఖరి ఏడాది కాబట్టి, కొత్తగా నలుగురైనా చేరకపోతే ఇక్కడా మూసేస్తామని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పారు.

సారుకు ఇంకో పని ఉండేది. లోకంలో ఎక్కడ యుద్ధం జరుగుతున్నా, ఆదివారం పొద్దున చౌరస్తాలో ‘యుద్ధం వద్దు’ అని రాసిన అట్ట పట్టుకుని నిలబడేవారు. యుద్ధాలకు కొదవ లేదు గనుక సారుకూ, ఆయన పక్కన నిలబడే నాకూ ఆదివారం సెలవు ఉండేది కాదు.

ఎండాకాలంలో ఒక ఆదివారం టెంట్ హౌస్ ఆయన జాలిపడి సారు నెత్తిమీద టెంటు వేసి, మా ఇద్దరికీ కుర్చీలు వేశాడు. మా ఊళ్లో టెంటు కింద ఊరకే కూర్చుంటే ఒకటే అర్థం, నిరాహార దీక్ష. మండలం కావాలన్నా, రైలు ఆగాలన్నా మేం చేసేది అదే.

ఎండ ముదిరేసరికి వార్డు పెద్దమనిషి పూలదండ, నిమ్మరసం గ్లాసు, ఫొటోగ్రాఫరుతో సహా దిగాడు. దీక్షలు విరమింపజేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. సారు మెడలో దండ వేశాక డిమాండ్ ఏమిటని అడిగాడు. అట్ట చదివి, కలెక్టరుతో మాట్లాడతానని హామీ ఇచ్చాడు.

“నేను ఉపాసం లేనన్నా. పొద్దుగాల ఇడ్లీ తిన్న,” అన్నారు సారు.

“తింటె తిన్నవ్ తియ్ సారూ. జర ఫొటో కోసమన్న తాగు.”

మా గ్రూపు సంగతి విని ఉన్నాడేమో, తాగితే తన మనవణ్ని, వాడి దోస్తులను మా గ్రూపులో చేర్పిస్తానని కూడా అన్నాడు. వాడికి దోస్తులు బాగానే ఉన్నారు. నేను దగ్గాను. సారు గ్లాసు అందుకున్నారు. మహబూబాబాద్ గుర్తొచ్చిందో, దాహమే వేసిందో తెలీదు.

“యుద్ధాలు గూడ గిసొంటి చిన్న అబద్ధంతోనే షురువైతయన్నా,” అని గ్లాసు నా చేతికిచ్చారు.

పారబోయడం ఎందుకని నేను తాగాను. ఫొటోగ్రాఫరు కెమెరా నొక్కాడు. విద్యార్థి దీక్ష విరమించాడని మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ పొద్దున నేనూ సారుతోపాటే ఇడ్లీ తిన్నాను.

మనవడు కంప్యూటర్స్ గ్రూపులో చేరాడు. గ్రూపు మూసేసి సారును భూపాలపల్లికి పంపారు. మొన్న చూడ్డానికి వెళ్తే, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో ఇడ్లీ ప్లేటు. దారినపోయేవాళ్లు ఇడ్లీ ఏ హోటల్‌దని అడుగుతున్నారు. సారు ఓపిగ్గా చెప్పి, తర్వాత అట్ట చూపిస్తున్నారు.