కాపలా ఉన్న కొరమీను

మొన్న మా మనవడు ఫోనులో ఏదో చూపించి, చూడవ్వా ఎంత పెద్ద చేపో అని మురిసిపోతుంటే, కళ్ళజోడు పెట్టుకుని చూసి ఒళ్ళు మండిపోయింది నాకు. కాలవ నీటి మీద ఎర్రెర్రగా మసులుతున్న కొరమీను పిల్లల గుంపు మీద ఎవడో కప్పను గుచ్చిన గాలం ఆడిస్తున్నాడు. అడుగున కాపలా ఉన్న పెద్ద చేప ఎగిరి పట్టుకోగానే గట్టుకు లాగి, ఘనకార్యం చేసినట్టు పళ్ళికిలిస్తున్నాడు.

సరిగ్గా ఈ పనే అరవైలలో, నా చిన్నతనంలో, విడవలూరు దగ్గర మా చేల పక్క కాలవలో మా మేనమామ చేశాడు. అప్పుడు మా అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, పసిబిడ్డతో ఉంది. బాలింతకు బలమంటూ ఆయన గాలం తీసుకుని బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, పిల్లలున్నన్నాళ్ళూ కొరమీను మేతకు దూరం పోదు, గాలి పీల్చుకోవడానికి ఒకసారి పైకొచ్చి మళ్ళీ వాటి కిందికే చేరుతుంది, ఒంట్లో ఉన్న కాస్త సత్తువా కాపలాకే అట్టిపెట్టుకుంటుంది. ఆ రోజు అది కప్ప మీదికి దూకింది ఆకలితో కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందన్న కోపంతో. అది తెలిసే గదా మామ అక్కడ గాలం వేసింది! ఆయన చేపను సంచిలో వేసుకునేలోపే కొంగలు వాలాయి, ఎర్రగుంపు చెల్లాచెదురైంది. నేను ఏడుస్తుంటే ఆయన నవ్వాడు.

మధ్యాహ్నం పులుసు పెట్టారు. బాలింత కోసం తెచ్చిన చేపలో పెద్ద ముక్క తన కంచంలోనే వేయించుకుని, విరిచి చూసి మొహం చిట్లించాడు మామ.

"ఏందిది, తలకాయే గాని కండే లేదే!"

బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుని ఉంది అక్క. పాలిచ్చి పాలిచ్చి సగమైన మనిషి, పెద్దల ముందు ఎన్నడూ నోరెత్తి ఎరగనిది, ఆ మాటకు తలెత్తింది.

"బిడ్డల కాడ కాపలా ఉన్నదానికి కండ యాడుంటాది మామా?"

అని, కంచం పక్కకు నెట్టేసింది. అమ్మ అక్కనే గదిమింది గాని తన తమ్ముడు గదా, మామను ఒక్క మాట అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడా చేలన్నీ రొయ్యల గుంటలైపోయాయి, కాలవ ఉప్పుబారింది, అందులో కొరమీను కనబడి ఏళ్ళయింది. తొట్లలో పెంచినవి మాత్రం బజారులో దండిగా కండపట్టి దొరుకుతున్నాయి. వాటికి కాపలా బాధ లేదు గదా.

ఆ పిల్లలేమయ్యాయిరా అని మనవణ్ణి అడిగాను. వాడు వీడియోను చివరిదాకా జరిపి చూసి, అదిందులో చూపించలేదవ్వా అన్నాడు.